గుడియాత్తం గంగమ్మ శిరసు: మన ఇళ్ళను కాచే అమ్మ

వైగాసి నెల మొదటి రోజు, అంటే మే 14 గాని 15 గాని, తెల్లవారేసరికి గుడియాత్తం వీధులు జనంతో నిండిపోతాయి. తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి ఆ పొద్దు అమ్మవారి తల బయలుదేరుతుంది. నిండు విగ్రహం కాదు, తల మాత్రమే. పెద్ద కళ్ళు, ముక్కుపుడక, మెడ దగ్గర నుంచి పైకి కిరీటం దాకా మాలలే మాలలు. దారిపొడుగునా టెంకాయలు కొడతారు. పులివేషాలు, కర్రసాము, డప్పులు ముందు నడుస్తాయి. ఇళ్ళ మిద్దెల మీద కూడా చోటు దొరకదు. ఆ తలను అలా మోసుకుంటూ కౌండిన్య ఏటి ఒడ్డున గోపాలాపురంలో ఉండే గంగమ్మ గుడికి తీసుకుపోతారు. అక్కడ ఒక ఒళ్ళు కాచుకొని ఉంటుంది. తలను ఆ ఒంటికి అతికిస్తారు. అప్పుడే అమ్మ పూర్తి అయినట్టు.

తల ఒకామెది, ఒళ్ళు ఇంకొకామెది. ఈ పండగలో తెలుసుకోవలసిన సంగతి ఇదే. దీన్నే గంగమ్మ శిరసు పండగ అంటారు. తమిళంలోనూ శిరసు అనే మాటే వాడతారు.

లత్తేరి పిల్లలకు ఇది దూరపు ఊరి సంగతి కాదు. కాట్పాడి నుంచి జోలార్‌పేట వైపు పొయ్యే ప్యాసింజరు బండి ఎక్కితే లత్తేరి తర్వాత కావనూరు, ఆ తర్వాత గుడియాత్తం. స్టేషను ఊరికి దూరం కాబట్టి అక్కడ దిగి మళ్ళీ బస్సు పట్టాలి. పండగ రోజు సెలవు ఇస్తారు గాని, మన బడికి అప్పటికే వేసవి సెలవులు కాబట్టి దాంతో మనకు ఒరిగేదేమీ లేదు! మన ఉగాది చంద్రమానం ప్రకారం ఏడాదికొక తేదీన వస్తుంది. శిరసు పండగ సౌరమానం ప్రకారం జరిగేది, అందుకే తేదీ పెద్దగా మారదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర, కుప్పంలో గంగమ్మ జాతర కూడా మే నెలలోనే. ఎండలు మండి, బావులు అడుగంటి, ఏట్లో ఇసుక తప్ప ఏమీ కనిపించని రోజులవి. గంగ అంటే నీళ్ళు. నీళ్ళు లేని కాలంలోనే నీళ్ళ పేరున్న అమ్మకు పండగ.

ఎవరీ అమ్మ?

ఇంటిని, పిల్లల్ని కాచే దేవత ఎవరని మన పిల్లల్ని అడిగితే లక్ష్మి అంటారు, పార్వతి అంటారు. పుస్తకంలో ఉండేది అదే. కానీ రాత్రిపూట పిల్లవాడికి ఒళ్ళు కాలిపోతుంటే మీ అవ్వ ముడుపు కట్టేది ఎవరికి? గంగమ్మకు, ఎల్లమ్మకు, రేణుకమ్మకు, మారెమ్మకు. పేర్లు నాలుగైదు ఉన్నా మన పక్క చెప్పే కథల్లో వీళ్ళంతా ఒకరిలోకి ఒకరు కలిసిపోతారు. గుడియాత్తం అమ్మ కథ రేణుక కథే.

రేణుక జమదగ్ని ముని భార్య. ఐదుగురు కొడుకుల తల్లి. చివరివాడు పరశురాముడు. రోజూ పొద్దున్నే ఏటికి పోయి, తడి ఇసుకతో అప్పటికప్పుడు కుండ చేసి, పామును చుట్టకుదురుగా నెత్తిన పెట్టుకొని, దానిమీద ఆ కుండ పెట్టుకొని ఇంటికి నీళ్ళు తెచ్చేదట. కాల్చని ఇసుక కుండ పగలకుండా నిలిచేది ఆమె మనసు చెదరనంతవరకే. ఒకనాడు నీళ్ళలో ఒక గంధర్వుడు కనిపించాడు. ఆమె ఒక్క క్షణం చూసింది. కుండ కరిగిపోయింది. ఇంటికి ఆలస్యంగా వచ్చిన భార్యను చూడగానే మునికి సంగతి తెలిసిపోయింది. తల్లి తల నరకమని కొడుకులతో చెప్పాడు. నలుగురు పెద్ద కొడుకులు చెయ్యలేమన్నారు, తండ్రి శాపానికి గురయ్యారు. పరశురాముడు గొడ్డలి ఎత్తాడు.

చూసినందుకే చంపేయడమా అని పిల్లలు అడుగుతారు. అడగనివ్వండి. ఆ ప్రశ్న అడగడానికే ఈ కథ ఇంతకాలం నిలిచిందేమో అనిపిస్తుంది.

ఇక్కడిదాకా వ్యాస భారతం వనపర్వంలో ఉన్న కథ కూడా దాదాపు ఇదే, ఇసుక కుండ, పాము మాత్రం మన పక్కవాళ్ళు చెప్పేవి. తర్వాతది గమనించండి. తండ్రి మెచ్చి వరం కోరుకోమంటే పరశురాముడు అమ్మ బతకాలని, అన్నలు మునుపటిలా కావాలని కోరుకుంటాడు. దాంతోపాటు ఇంకొక మాట కూడా అడుగుతాడు. తనను చంపిన సంగతి అమ్మకు గుర్తు ఉండకూడదు. వరం దొరుకుతుంది. రేణుక నిద్రలేచినట్టు లేస్తుంది, ఏమీ జరగనట్టే ఇల్లు మళ్ళీ నడుస్తుంది.

మన ఊళ్ళ కథ అలా మరిచిపోనివ్వదు. గొడ్డలితో కొడుకు తరుముకొస్తుంటే రేణుక ఊరి బయట పేటలోకి పరుగెత్తిందట. అక్కడ ఉండే ఒకామె, ఊళ్ళోవాళ్ళు గడప తొక్కనివ్వని కులంలో పుట్టిన ఆమె, రేణుకను వాటేసుకొని అడ్డం నిలిచింది. గొడ్డలి వేటుకు ఇద్దరి తలలూ తెగిపడ్డాయి. వరం దొరికాక పరశురాముడు ఆత్రంగా వచ్చి తలలను అతికించాడు. తొందరలో ఒకరి తల ఇంకొకరి ఒంటికి పడింది. ఇద్దరూ లేచి కూర్చున్నారు. వాళ్ళలో ఎవరు మారెమ్మ అయ్యారు, ఎవరు ఎల్లమ్మ అయ్యారు అన్నది ఊరికో రకంగా చెప్తారు. గుడియాత్తంలో మాత్రం రేణుక తల ఊరేగి వచ్చి ఆ పేట ఆమె ఒంటి మీద కూర్చుంటుంది.

ఆ ఒంటిని అక్కడ చండాలచ్చి ఒళ్ళు అంటారు. కులాన్ని బట్టి పెట్టిన పాత మాట అది. మనిషిని ఆ మాటతో పిలవకూడదు, పిలవడం నేరం కూడా. పండగలో మాత్రం ఆ ఒళ్ళు లేనిదే అమ్మ లేదు. తల ఎంత అలంకరించి తెచ్చినా ఆ ఒంటిని చేరేదాకా అది వట్టి తలే. వేలమంది దండం పెట్టేది ఆ ఇద్దరికీ కలిపి. పొద్దు పోయాక తలను మళ్ళీ ఒంటి నుంచి వేరుచేసి ఊరేగింపుగా తీసుకుపోతారు. అమ్మ నిండుగా కనిపించేది ఏడాదికి ఆ ఒక్క పగలే.

అంటే మన ఇళ్ళను కాచే అమ్మ తన ఇల్లు విరిగిపోయిన అమ్మ. మొగుడే చంపమన్నాడు, కొడుకే చంపాడు, అడ్డం నిలిచింది ముక్కూముఖం తెలియని పరాయి ఆమె. ఇంటి కష్టం ఎలాంటిదో ఆమెకు ఎవరూ చెప్పక్కరలేదు. అందుకేనేమో మన ఆడవాళ్ళు ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేనిది ఆమెతో చెప్పుకుంటారు.

తల రూపంలోనే అమ్మను కొలిచే చోట్లు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. తిరువణ్ణామలై జిల్లా పడవేడులో రేణుకాంబ గుడి పెద్దది, ఆడి నెల శుక్రవారాలు అక్కడికి మన పక్కనుంచి కూడా బస్సులు కట్టుకొని పోతారు. పల్లెల్లో అయితే వేపచెట్టు కింద మట్టితో చేసిన తల ఒకటి, దానికి పసుపు, కుంకుమ. అంతే గుడి.

ఈ కథ చాలా దూరం పోయింది. ఫ్రెంచివాడైన పియెర్ సొనెరా మన దేశంలో తిరిగి 1782లో అచ్చువేసిన ప్రయాణ పుస్తకంలో దీన్ని రాశాడు. ఇసుక కుండ కూడా లేకుండా నీళ్ళనే ఉండలా చుట్టి తెచ్చేదని అతనికి ఎవరో చెప్పారు. అలాంటి పుస్తకాల ద్వారా ఆ కథ తెలుసుకున్న జర్మను కవి గోథే 1820లలో దాన్ని 'పరియా' అనే పద్యాలుగా మలిచాడు. మన ఏటి ఒడ్డు కథ ఎక్కడో చలిదేశంలో పద్యమైపోయింది, ఇక్కడ దాన్ని పాఠంగా చెప్పుకునే పుస్తకం మాత్రం లేదు.

శుక్రవారం అమ్మ ఇంకొకరు

చలిదేశం అన్నాను కాబట్టి అక్కడి అమ్మ ఒకామె గురించి కూడా చెప్తాను. ఆమె పేరు మీరు వారానికొకసారి పలుకుతూనే ఉన్నారు. ఇంగ్లీషులో శుక్రవారాన్ని ఫ్రైడే అంటాం గదా, ఆ ఫ్రై ఆమె పేరే. నార్వే, స్వీడన్, ఐస్‌లాండు వాళ్ళు ఆమెను ఫ్రిగ్ అని పిలిచేవాళ్ళు. దేవతల రాజు ఓడిన్‌కు భార్య. పెళ్ళికి, కాపురానికి, పిల్లలకు ఆమె దేవత. నూలు వడికే కదురు ఆమె గుర్తు. మనం మృగశిర కార్తె అంటాం గదా, ఆ చుక్కల గుంపులోనే వరసగా మెరిసే మూడు నక్షత్రాలున్నాయి. స్వీడన్ పల్లెల్లో వాటిని ఫ్రిగ్ నూలుకర్ర అనేవాళ్ళు.

రోమువాళ్ళు ఆ రోజుకు వీనస్ పేరు పెట్టుకున్నారు. ఆకాశంలో వీనస్ అంటే మన శుక్రుడే. ఉత్తరాది జనం ఆ వారాల పేర్లు తీసుకున్నప్పుడు వీనస్ చోట తమ ఫ్రిగ్‌ను పెట్టుకున్నారు. మనకూ అది శుక్రవారమే, అమ్మవారి రోజే. గడపకు పసుపు రాసి, నీళ్ళు చల్లి ముగ్గు వేసేది ఆ పొద్దే. దేశాలు వేరు, అమ్మలు వేరు, వారం మాత్రం ఒకటి.

ఫ్రిగ్ కథలోనూ కొడుకే ఉన్నాడు. ఐస్‌లాండు పండితుడు స్నోరి స్టుర్లుసన్ 1220 ప్రాంతంలో రాసిన పుస్తకంలో ఉంది ఇది. ఆమె కొడుకు బాల్డర్‌కు చచ్చిపోయినట్టు కలలు వస్తాయి. తల్లి ఊరుకుంటుందా? నిప్పు, నీళ్ళు, ఇనుము, రాయి, చెట్టు, జబ్బు, మృగం, విషం, పాము, ఒక్కొక్కదాని దగ్గరికీ పోయి నా బిడ్డను ఏమీ చెయ్యమని ఒట్టు పెట్టించుకుంటుంది. ఒక్క మొక్కను మాత్రం వదిలేస్తుంది. మన మామిడి కొమ్మల మీద మొలిచే బదనిక లాంటిది అది, మరీ లేతగా ఉంది, దానితో ఒట్టు ఎందుకులే అనుకుంది. లోకి అనే మాయగాడు ఆ సంగతి కనిపెట్టి, ఆ పుల్లనే బాల్డర్ తమ్ముడి చేతికిచ్చి విసిరిస్తాడు. ఆ తమ్ముడు గుడ్డివాడు. బిడ్డ చచ్చిపోతాడు. లోకమంతా ఏడిస్తే వెనక్కి పంపుతానని చావుదేశపు రాణి చెప్తుంది. అన్నీ ఏడుస్తాయి, ఒక రాక్షసి మాత్రం ఏడవనంటుంది. బాల్డర్ తిరిగి రాడు.

ఫ్రిగ్ బిడ్డను కాపాడుకోలేకపోయిన అమ్మ. రేణుక బిడ్డ చేతిలో పడిన అమ్మ. ఇద్దరినీ ఇంటి దేవతలుగా కొలిచారు. పురాణాల్లో ఏ లోటూ లేకుండా బతికిన తల్లులు లేరా అంటే ఉన్నారు. జనం ఎంచుకున్నది మాత్రం వీళ్ళను. ఒక తేడా చెప్పాలి. ఫ్రిగ్‌కు గుళ్ళు, పండగలు లేకుండా పోయి వందల ఏళ్ళయింది, వారం పేరులో, పుస్తకంలో మిగిలింది. గంగమ్మ ఈ మే నెలలో కూడా వీధిలోకి వస్తుంది.

ఇంట్లో అమ్మ

గుడి పండగ ఒక రోజు. ఇంట్లో అమ్మ ఏడాది పొడుగునా ఉంటుంది, మనం గమనించం, అంతే. చాలా ఇళ్ళలో ఆమెకు బొమ్మ కూడా ఉండదు. గోడ మీద పసుపు పూసి పెట్టిన కుంకుమ బొట్లు, ఒక చెంబులో నీళ్ళు, దానిలో వేపమండ, పక్కన మడిచిపెట్టిన కొత్త చీర. పెళ్ళికి ముందు ఇంటి దేవరను కొలిచే ఇళ్ళలో ఈ చెంబే అమ్మ. కొన్ని ఇళ్ళలో ఆ చీర పేరంటాలిది. పసుపు కుంకుమలతో చనిపోయిన ఆ ఇంటి ఆడబిడ్డను గాని కోడలిని గాని పేరంటాలుగా తలుచుకుంటారు. తమిళ ఇళ్ళలో ఇలాంటి ఆమెనే పూవాడైకారి అంటారు. పురాణంలోని అమ్మ, మన ఇంటిలో నిజంగా బతికి పోయిన అమ్మ ఒకే చెంబు దగ్గర కూర్చుంటారన్నమాట.

పండగకు ముందు కాప్పు కడతారు. తెలుగులో కంకణం. కాప్పు కట్టాక ఊరు దాటి పోకూడదంటారు. ఆడి నెలలో అంబలి పోస్తారు, తమిళంలో దీన్నే కూళ్ అంటారు. రాగిపిండిని ముందురోజే కలిపి పులియబెట్టి, నూకలు ఉడికించి అందులో కలిపి, మరునాడు మజ్జిగ పోసి కుండలకు ఎత్తుతారు. నంజుకోవడానికి పచ్చి ఎర్రగడ్డ, మునగాకు కూర, కొన్ని చోట్ల కరవాడు. కుండకు వేపాకు కట్టి అమ్మ ముందు పెట్టి, తర్వాత వచ్చినవాళ్ళందరికీ పోస్తారు. ఎవరు వచ్చారని అడగరు. ఎండకు అలిసిన ఒంటికి, కరువు రోజుల్లో ఖాళీ కడుపుకు అది ఎంత పెద్ద దినుసో ఇప్పటి పిల్లలకు చెప్తే గాని తెలియదు.

ఇక అమ్మ పోయడం. ఒంటి మీద పొక్కులు లేస్తే జబ్బు అనరు, అమ్మ పోసింది అంటారు. మన అవ్వల చిన్నప్పుడు అది పెద్దమ్మవారు, అంటే మశూచి. ఇంటిలో ఒకరికి పోస్తే వాకిట్లో వేపమండలు కట్టేవాళ్ళు, అది చూసి బయటివాళ్ళు లోపలికి రారు. ఆ ఇంట్లో తాలింపు పెట్టరు. రోగిని వేపాకుల మీద పడుకోబెడతారు, తగ్గాక వేపాకు, పసుపు వేసిన నీళ్ళు తలకు పోస్తారు. మందు లేని కాలంలో జబ్బు ఒకరి నుంచి ఇంకొకరికి అంటకుండా చూసుకొనే పద్ధతి కూడా అందులో ఉంది. భారతదేశంలో చివరి మశూచి కేసు 1975 మే నెలలో కనిపించింది. ప్రపంచంలో ఆ జబ్బు పూర్తిగా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. దాన్ని తరిమింది టీకా. చిన్నమ్మవారు, అదే ఆటలమ్మ, ఇప్పటికీ వస్తుంది. వేపమండ కట్టండి, డాక్టరుకూ చూపించండి, బడికి పంపకండి. అమ్మ దేనికీ కోపగించుకోదు.

ఏటి ఎగువ, ఏటి దిగువ

గుడియాత్తం మధ్యలో పారే కౌండిన్య ఏరు మనది మాత్రమే కాదు. చిత్తూరు జిల్లాలో పలమనేరు వైపు కొండల్లో పుట్టి, మోర్ధానా ఆనకట్ట దాటి, గుడియాత్తం మీదుగా వచ్చి పాలారులో కలుస్తుంది. ఎన్నో ఏళ్ళు వట్టి ఇసుకగా పడి ఉండే ఈ ఏరు 2021 నవంబరులో ఒడ్లు దాటి ఊళ్ళోకి వచ్చింది. పాలారూ అంతే. ఏట్లో నీళ్ళు ఎప్పుడూ చూడని పిల్లలు ఆ ఏడాది గంగమ్మను చూశారు.

ఏటికి పైన ఉన్నవాళ్ళు తెలుగులో గంగ జాతర అంటారు, కింద ఉన్నవాళ్ళు తమిళంలో కెంగైయమ్మన్ తిరువిళా అంటారు. 1911 దాకా చిత్తూరు, పలమనేరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. జిల్లా కచేరీ చిత్తూరులో ఉండేది. తర్వాత చిత్తూరు వేరే జిల్లా అయింది, ఆ తర్వాత రాష్ట్రాలే వేరయ్యాయి. మనం గీతకు ఇటుపక్క ఉండిపోయాం. అమ్మ మాత్రం రెండు పక్కలా ఉంది, తల ఒకచోట, ఒళ్ళు ఒకచోట అన్నట్టు.

మన పిల్లలు ఈ పండగకు పోతారు, చూస్తారు. ఇంటికి వచ్చి చెప్పేటప్పుడు మాత్రం తిరువిళా, కూళ్, వేప్పిలై అనే మాటలే వస్తాయి. అందులో తప్పేమీ లేదు, అవీ మన ఊరి మాటలే. కానీ జాతర, అంబలి, వేపమండ, ముడుపు, చుట్టకుదురు, పేరంటాలు, ఇలవేలుపు అనే మాటలు ఇప్పుడు మన ఇళ్ళలో అవ్వల నోట మాత్రమే ఉన్నాయి. ఇవి పాఠ్యపుస్తకంలో దొరికే మాటలు కావు. అవ్వతో పాటే పోతాయి.

అందుకని ఒక చిన్న పని. ఈ సెలవుల్లో మీ అవ్వ దగ్గర గాని, మేనత్త దగ్గర గాని కూర్చొని ఇవి అడగండి: మన ఇంటి దేవర పేరు ఏమి? ఏ ఊళ్ళో ఉంది? ఆమెకు ఏమి వండి పెడతాం? చీర ఎవరి పేరున పెడతాం? రేణుకమ్మ కథ మన ఇంట్లో ఎలా చెప్తారు, తలలు మారాక ఎవరు ఎవరయ్యారు? అవ్వ చెప్పిన మాటలు అలాగే రాయండి. పుస్తకం భాషలోకి మార్చకండి, తమిళ మాట వస్తే తమిళ మాటే ఉంచండి. రాసింది బడి తెరిచాక తెలుగు అయ్యవారికి గాని టీచరమ్మకు గాని ఇవ్వండి. రాయడం రాని చిన్నపిల్లలు గోడ మీది బొట్లు, చెంబు, వేపమండ ఎలా పెడతారో బొమ్మ గీసి తెచ్చినా సరే.